కరువు సీమలో అమానత్

అనంతపురంలో తెల్లవారుజామున బస్సెక్కి కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం వైపు ప్రయాణించేవారికి ఈ సీమ తన కథను ఏమీ దాచుకోకుండా చెబుతుంది. ఎర్రని నేల, ఎవరో పేర్చి మధ్యలో వదలివెళ్ళినట్లున్న గుండ్రాళ్ళ గుట్టలు, వేరుశనగ పెరికిన తరువాత బోసిపోయిన చేలు, గట్ల వెంట తుమ్మచెట్లు, దూరాన నిదానంగా తిరిగే గాలిమరలు. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు బంగాళాఖాతం నుండి ఇంత దూరం వచ్చేసరికి వట్టి మబ్బులుగా మిగులుతాయి. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే ఆ కొద్ది వాన కూడా విత్తనం అడిగిన రోజున రాదు, కోత రోజున వస్తుంది. రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అతి తక్కువ వర్షపాతం గల జిల్లాగా అనంతపురాన్ని చెప్పుకోవడం మనకు చిన్ననాటి నుండి అలవాటు.

బక్రీదు పండుగకు ఇరవై రోజులు ఉండగా నేను ఆ దారిన వెళ్ళాను. రాయదుర్గానికి ఆవల, కణేకల్లు దిక్కున ఉన్న ఒక పల్లెలో నా పూర్వ విద్యార్థి ఒకతను గొర్రెల పెంపకం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఆ పనికి షరీఅత్ ప్రకారం ఒప్పందం ఎలా వ్రాసుకోవాలో చెప్పినవాడిని నేనే. “హజ్రత్, మీరు చెప్పినట్లే నడిపినాము. పెద్దమ్మతో లెక్క చూసుకునే రోజు వచ్చింది. ఆ రోజు మీరు ముందర ఉండాల” అని అతను ఫోనులో కోరినప్పుడు కాదనలేకపోయాను.

రాయదుర్గం దాటిన తరువాత ఈ ప్రాంతపు రెండు ముఖాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు తుంగభద్ర ఎగువ కాలువ. దాని నీరు పారిన మేర వరిచేలు. మరొకవైపు బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు పరిసరాలలో, వేదవతి నదిలోని ఇసుకను గాలి ఎత్తిపోసి పేర్చిన దిబ్బలు. ఈ నదిని ఇక్కడివారు హగరి అంటారు. ఎండిన నదిలోంచి లేచిన ఇసుక పొలాలను కప్పుకుంటూ పోతుంటే, ఇది ఆంధ్రదేశమా, అరబ్బు ఎడారి అంచా అన్న సందేహం కలుగుతుంది. ఇటువంటి చోట పైరు నిలిచిన చోటనే ఉండి వానకై ఎదురుచూడాలి. గొర్రె అలా కాదు. మేత ఉన్న చోటికి నడిచిపోతుంది. ఈ సీమలో కురుబ సోదరులు తరతరాలుగా గొర్రెను నమ్ముకోవడానికి కారణం ఇదే. కోతలైన చేలల్లో మంద నిలిపి ఎరువు ఇచ్చి రైతు దగ్గర ప్రతిఫలం తీసుకుంటారు; ఎండలు ముదిరితే కాలువల ప్రాంతాలకు మందలు తోలుకుపోతారు.

2019 నాటి పశుగణన ప్రకారం మన దేశంలో ఏడు కోట్ల నలభై లక్షలకు పైగా గొర్రెలు ఉండగా, వాటిలో దాదాపు సగం రెండు తెలుగు రాష్ట్రాలలోనే ఉన్నాయి. తెలంగాణలో ఒక కోటి తొంభై లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో ఒక కోటి డెబ్బై ఆరు లక్షలు. అందుచేత ఇక్కడ గొర్రెల పెంపకం కొత్త విషయమేమీ కాదు. కానీ నా విద్యార్థి కుటుంబానికి మాత్రం అది పూర్తిగా కొత్త.

వారిది దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అతని తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాడు. తండ్రి కాలానికి పరుపులు అంగడిలో దొరకసాగాయి. విల్లు అటక ఎక్కింది. మా మద్రసాలో కొన్నేళ్ళు చదివిన ఈ అబ్బాయి ఇంటి అవసరాల వల్ల చదువు ఆపి, బెంగుళూరులో ఆటో నడిపాడు. అక్కడి ఇంటి అద్దె, పిల్లల బడి, తల్లి అనారోగ్యం కలిసి అతన్ని తిరిగి పల్లెకు చేర్చాయి. ఆటో అమ్మగా వచ్చిన సొమ్ములో అప్పులు పోను మిగిలినది ఒక మంచి పొట్టేలుకు, దొడ్డికి కంచె వేయడానికి సరిపోయింది. గొర్రెలు కొనడానికి వడ్డీ అప్పు తీసుకోవడం అతనికి ఇష్టం లేదు. అప్పుడు వితంతువు అయిన పెద్దమ్మ ముందుకు వచ్చింది. ఆమె ఉమ్రా యాత్ర కోసం ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న డబ్బు తీసి, “నాయనా, ఇది ఇంట్లో ఉంటే పెరగదు. గొర్రెలు కొందాం. పుట్టే పిల్లల్లో నీకు సగం, నాకు సగం” అన్నది.

ఊళ్ళలో దీనిని సగం పాలుకు పెంచడం అంటారు. అందరూ చేసేదే. అయినా అతను నాకు ఫోను చేసి, ఇది ధర్మసమ్మతమేనా అని అడిగాడు. పెంచినవాడి కూలి ఇంకా పుట్టని పిల్లలో సగం అని నిర్ణయిస్తే, ఆ కూలి ఎంతో ఎవరికీ తెలియదు. గొర్రె ఈనకపోతే ఏడాది శ్రమకు ప్రతిఫలం శూన్యం. అందుకే హనఫీ ధర్మశాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని సరికాని ఒప్పందంగా పరిగణించారు. ప్రజల అవసరాన్ని గమనించి కొందరు పండితులు హంబలీ అభిప్రాయం ఆధారంగా వెసులుబాటు ఇచ్చిన మాట కూడా నిజమే. కానీ మన ఫిఖ్‌హ్ గ్రంథాలు ఒక సులువైన, నిర్దోషమైన దారి చూపాయి. యజమాని తన పశువులలో సగం వాటాను తెలిసిన ధరకు పెంచేవానికి అమ్మాలి. ఆ ధరను గడువు పెట్టి వసూలు చేసుకోవచ్చు. అప్పుడు ఇద్దరూ భాగస్వాములు. పుట్టిన పిల్లలూ, వచ్చిన లాభమూ, కలిగిన నష్టమూ చెరిసగం.

వారు అలాగే వ్రాసుకున్నారు. పన్నెండు గొర్రెలు, ఒక్కొక్కటి పన్నెండు వేలు. సగం వాటా డెబ్బై రెండు వేలకు అతను కొన్నట్లు, రెండేళ్ళలో చెల్లించేటట్లు, వడ్డీ మాట లేకుండా కాగితం పూర్తయింది. పక్క దొడ్డి కురుబ పెద్దాయన సాక్షిగా వేలిముద్ర వేశాడు. మొదటి నెలలలో ఈ కుటుంబానికి గొర్రెను పట్టుకోవడం నుండి డెక్కలు గోకడం దాకా నేర్పిన గురువు కూడా ఆయనే.

నేను చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. మంద మేతకు పోయింది. దొడ్డిలో చిన్న పిల్లలు, పండుగకు సిద్ధం చేసిన మూడు పొట్టేళ్ళు మాత్రమే ఉన్నాయి. వేపచెట్టు కింద మంచం వేసి మజ్జిగ ఇచ్చారు. కురుబ పెద్దాయన భుజాన నల్లని కంబళి ఉన్నది. ఎండలో అదెందుకని అడిగితే నవ్వాడు. “ఎండకు అడ్డం, వానకు గొడుగు, రాత్రికి పడక. దీన్ని మించింది ఏముంది అయ్యా!”

ఆ కంబళి దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసినది. చింతగింజల గంజి పట్టించి గట్టిపరచిన నేత. కానీ ఆ ఉన్నిని కొనేవారు ఇప్పుడు తగ్గిపోయారు. మిల్లు దుప్పట్లు చవకగా వచ్చిన తరువాత బొచ్చు కత్తిరించే కూలి కూడా గిట్టడం లేదని ఆయన చెప్పాడు. మాంసానికే గిరాకీ పెరగడంతో ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాయి. పూర్తిగా తెల్లనిది పల్ల, తెల్లని దేహంపై మూతి, కళ్ళ చుట్టూ నల్లమచ్చలున్నది జోడిపి, గోధుమరంగుది దొర. ఈ మూడు పేర్లనూ నా విద్యార్థి చిన్న కూతురు పద్యంలా అప్పజెప్పింది. దూది ఏకిన తాత మునిమనుమరాలు, ఉన్ని లేని గొర్రెల పేర్లు చదువుతోంది. కాలం తెచ్చే మార్పు ఇలాగే ఉంటుంది.

ప్రపంచంలో మరికొన్ని పొడి పీఠభూములలో ఉన్నికి ఇంకా విలువ ఉన్నది. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు ఎత్తైన ఆండీస్ నేలల్లో అల్పాకా అనే జంతువును వేల ఏళ్ళుగా పెంచుతున్నారు. ఒంటె కుటుంబానికి చెందినది. గొర్రె కంటే పొడవైన మెడ, మెత్తని ఉన్ని. ఐక్యరాజ్యసమితి 2024ను ఒంటె జాతుల సంవత్సరంగానూ, 2026ను పచ్చిక బయళ్ళ, పశుకాపరుల సంవత్సరంగానూ ప్రకటించింది. ఇప్పుడు అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలలో కూడా కుటుంబాలు అల్పాకాలను పెంచి ప్రదర్శనలకు తీసుకుపోతుంటాయి. ఆ ప్రదర్శనలలో న్యాయనిర్ణేత పైపై అందం చూసి బహుమతి ఇవ్వడు. రెండు చేతులతో ఉన్నిని పాయలుగా విడదీసి, చర్మం దాకా చూసి, లోపలి పోగు ఎంత సన్నమో, దేహమంతటా ఒకే తీరున ఉన్నదో లేదో పరీక్షిస్తాడు. ప్రదర్శన అంటే అలంకరించడం కాదు, లోపలిది విప్పి చూపడం అన్నమాట.

మన దగ్గర గొర్రెకు ప్రదర్శన బక్రీదు సంత. నగరాలలో ఆ ప్రదర్శన ఎటు పోతున్నదో మనకు తెలియనిది కాదు. పొట్టేలుకు పూలదండలు, వీధుల్లో ఊరేగింపులు, ఫోనుల్లో ఫొటోలు, ఎవరిది ఎంత ఖరీదైనదన్న పోటీ. ఖుర్బానీ మాంసమూ రక్తమూ అల్లాహ్‌కు చేరవనీ, ఆయనకు చేరేది మన భయభక్తులేననీ అల్ హజ్ సూరా బోధిస్తున్నది. కొనేవాని దిఖావా ఒక ఎత్తయితే, అమ్మేవాని మోసం మరొక ఎత్తు. తూకానికి ముందు ఉప్పు మేపి కడుపు నిండా నీళ్ళు తాగించడం సంతలలో అందరికీ తెలిసిన విద్య. పాలిచ్చే పశువును అమ్మే ముందు కొన్ని రోజులు పిండకుండా పొదుగు నిండుగా కనిపించేటట్లు చేయడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) నిషేధించారు. ఉప్పునీళ్ళ విద్య ఆ పాత మోసానికి తమ్ముడే.

మధ్యాహ్నం నమాజు తరువాత బెంగుళూరు నుండి ఒక పెద్దమనిషి కొడుకుతో కలిసి కారులో వచ్చాడు. పెద్ద పొట్టేలును చూసి ముచ్చటపడ్డాడు. నోరు తెరిచి పళ్ళు చూపించారు. తూకం వేస్తే నలభై ఎనిమిది కిలోలు. బేరం ఇరవై నాలుగు వేలకు కుదిరింది. ఆయన డబ్బు లెక్కపెడుతుండగా నా విద్యార్థి పొట్టేలు ఎడమ చెవిని వెనుకకు తిప్పి, “అన్నా, ఒకటి చూడాల మీరు. పోయినేడు కుక్క పట్టింది. ఇక్కడ చీలింది” అని చూపించాడు. వేలాడే చెవి వెనుక ఉండడం వల్ల ఆ చీలిక మామూలుగా కంటికి కనిపించదు.

ఆ పెద్దమనిషి ముఖం మారిపోయింది. నా వైపు తిరిగి ఖుర్బానీ చెల్లుతుందా అని అడిగాడు. స్పష్టమైన కుంటితనం, స్పష్టమైన గుడ్డితనం, స్పష్టమైన జబ్బు, ఎముకల్లో మజ్జ లేనంత బక్కతనం ఉన్న పశువు పనికిరాదని హదీసు తెలుపుతున్నది. చెవిలో అధికభాగం తెగిపోయినా చెల్లదు. ఈ కొద్దిపాటి చీలికతో చెల్లుతుంది. కాకపోతే ఏ లోపమూ లేనిది మరింత మంచిది. నేను ఇంతే చెప్పాను. ఆయన కొంతసేపు ఆలోచించి ఇరవై ఒక్క వేలు ఇచ్చి తీసుకున్నాడు.

కారు కదలగానే విద్యార్థి తమ్ముడు కోపం ఆపుకోలేకపోయాడు. ముందు రాత్రి ఉప్పు మేపుదామన్నది కూడా ఇతనేనట. “చెల్లుతుందని హజ్రత్తే చెప్పినారు కదా! చెల్లేదానికి చూపించేదెందుకు? మూడు వేలు పోయె!” అన్నాడు. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయలేము. ఈ ఇంట్లో మూడు వేలు అంటే ఒక నెల బియ్యం, పప్పు. నేను అతనికి హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) తెలిపిన హదీసు వివరించాను. అమ్మేవారు, కొనేవారు సత్యం పలికి, ఉన్నది వెల్లడిస్తే వారి బేరంలో శుభం ఉంటుంది. దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుంది. హదీసు సత్యం పలకడంతో ఆగలేదు, వెల్లడించడాన్ని కూడా జోడించింది. అడగనిదాన్ని కూడా చూపడమే ఆ రెండవ మాటకు అర్థం. అతను సమాధానపడ్డాడో లేదో నాకు తెలియదు. నీళ్ళ బిందె తీసుకుని అవతలికి పోయాడు.

అస్ర్ నమాజు తరువాత లెక్కకు కూర్చున్నాము. పెద్దమ్మ తన పాత కాగితం తెచ్చుకున్నది. కురుబ పెద్దాయన వచ్చాడు. డెబ్బై రెండు వేలలో నలభై వేలు ముందే ముట్టాయి. పొట్టేలు అతని సొంతం కనుక ఆ ఇరవై ఒక్క వేలూ ఆమె చేతిలో పెట్టాడు. పదకొండు వేలు బాకీ. పుట్టిన పిల్లల లెక్క సరిపోయింది. పోయిన జూన్‌లో చచ్చిపోయిన నాలుగు గొర్రెల నష్టం చెరిసగమని ఆమె తానే చెప్పి కాగితం మడవబోయింది.

అప్పుడు అతను ఆమె చేయి పట్టుకున్నాడు. “పెద్దమ్మా, ఆ నాలుగూ విధి వల్ల పోయినాయని చెప్పినాను. విధి నిజమే. కానీ ఆ మాట వెనక నేను దాక్కుంటి.”

జరిగినది ఇది. తొలకరి వానలకు మొలిచిన లేత గడ్డిని గొర్రె ఆబగా తింటుంది. దాని పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి విషం పుట్టిస్తాయి. దీనినే చిటుకు రోగం అంటారు. సాయంత్రం ఆరోగ్యంగా ఉన్న గొర్రె తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. మందు వేసే వ్యవధి కూడా దొరకదు కనుక వానలకు ముందే టీకా వేయించాలి. కొత్త మందకు రెండు వారాల తరువాత రెండవ మోతాదు కూడా పడాలి. మొదటి సూది అతను వేయించాడు. రెండవది వేయించవలసిన రోజున కిరాయి ఆటో నడపడానికి బెంగుళూరు వెళ్ళాడు. తిరిగి వచ్చాక మరచిపోయాడు. వాన పడింది. రెండు రోజుల్లో నాలుగు గొర్రెలు పోయాయి. పదకొండు నెలలుగా ఈ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

భాగస్వామ్యంలో పెంచేవాడు అమానత్‌దారు. అతని తప్పు లేకుండా పశువు చస్తే నష్టం ఇద్దరిదీ. నిర్లక్ష్యం ఉంటే భాగస్వామి వాటాకు అతను బాధ్యుడు. నాలుగు గొర్రెలలో పెద్దమ్మ వాటా రెండు గొర్రెల విలువ. ముప్పై ఏళ్ళుగా ఈ నియమాలను నల్లబల్ల మీద వ్రాసి బోధించినవాడిని నేను. ఎదురుగా కన్నీళ్ళతో ఉన్న మనిషికి అదే నియమం చెప్పవలసి వచ్చినప్పుడు నాకు గొంతు పెగలలేదు.

పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆమె చూపు ఎక్కడ ఉన్నదో నాకు తెలుసు. ఆ గొర్రెలు ఆమెకు మక్కా ప్రయాణపు మైలురాళ్ళు. చివరికి అన్నది, “రెండో సూది సంగతి డాక్టరు చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉంటి. నేను మాత్రం గుర్తు చేసినానా నాయనా?”

నేను వారికి అల్ అంబియా సూరాలోని సంఘటన చెప్పాను. ఒకరి గొర్రెలు రాత్రివేళ మరొకరి చేనులో పడి మేశాయి. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) గొర్రెలను చేను యజమానికి ఇప్పించారు. కుమారుడు సులైమాన్ (అలైహిస్సలాం) మరొక దారి సూచించారు. చేను తిరిగి మునుపటిలా అయ్యేవరకు గొర్రెల యజమాని దానిని సాగు చేయాలి. అంతవరకు గొర్రెల పాలు, ఉన్ని, పిల్లలు చేను యజమాని అనుభవించాలి. తరువాత ఎవరిది వారికి. వ్యాఖ్యాతలు వివరించిన ఈ తీర్పులో నష్టం తీరుతుంది, కానీ ఎవరూ కూలిపోరు. ఉన్నదాన్ని లాక్కోవడం వల్ల కాక, పెరిగేదాన్ని పంచడం వల్ల న్యాయం జరుగుతుంది.

చివరకు రాజీ ఇలా కుదిరింది. రాబోయే ఈతలో అతని వాటాకు వచ్చే ఆడపిల్లలలో రెండు, తల్లిపాలు మానిన తరువాత, పూర్తిగా పెద్దమ్మవి అవుతాయి. బాకీ గడువు మరో ఆరు నెలలు పెంచుతానని ఆమె అన్నది. కురుబ పెద్దాయన ఈ మాటలకు కూడా సాక్షి అయ్యాడు. లేచి పోతూ తన కంబళి దులుపుకుని, “గొర్రె పోతే ఇంకో గొర్రె వస్తాది. మాట పోతే మంద నిలబడదు” అన్నాడు. నా విద్యార్థి అతనితో, “చిన్నాయనా, వచ్చే నెల టీకాకు నీ మందా నా మందా ఒకేసారి తోలుదాం. నేను మరిస్తే నువ్వు అరువు” అన్నాడు.

ప్రవక్తలందరూ గొర్రెలను కాచినవారేనని దైవప్రవక్త (సల్లం) తెలిపారు. తాను కూడా మక్కావాసుల గొర్రెలను కొద్దిపాటి కూలికి కాచానని సహచరులతో అన్నారు. దీనిలోని వివేకాన్ని గురించి పండితులు సహనం, కరుణ, నాయకత్వం అని వ్రాశారు. ఆ సాయంత్రం నాకు మరొకటి తోచింది. కొండవాలున మందతో ఒంటరిగా ఉన్న కాపరిని చూసేవారు ఎవరూ ఉండరు. సూది వేయించాడో లేదో, నీళ్ళు తాగించాడో లేదో గొర్రె వచ్చి చెప్పదు. ఎవరూ చూడని చోట అమానత్‌ను కాపాడినవాడే నలుగురిలో నిలబడి చూపించగలడు.

పొద్దు వాలుతుండగా దూరాన ఎర్రటి దుమ్ము లేచింది. మంద తిరిగి వస్తున్నది. పిల్లలు దొడ్డిలోంచి అరుస్తున్నాయి, తల్లులు దారిలోంచి బదులు పలుకుతున్నాయి. అన్‌నహ్ల్ సూరాలో అల్లాహ్ పశువులలోని అందాన్ని ప్రస్తావిస్తూ, ఉదయం తోలుకుపోవడం కంటే ముందు సాయంత్రం ఇంటికి తోలుకురావడాన్ని పేర్కొన్నాడు. నిండిన కడుపులతో, నిండిన పొదుగులతో తిరిగి వచ్చే వేళనే ఆ శోభ అధికమని వ్యాఖ్యాతలు కారణం చెప్పారు. ఆ వివరణను ఎన్నోసార్లు బోధించాను. కంటితో చూడటం అదే మొదలు.

గవిని దగ్గర నిలబడిన చిన్నపిల్ల ఒక్కొక్క తలనూ లెక్కపెట్టింది. పొద్దున ఇరవై మూడు, ఇప్పుడు అమ్మినది పోను ఇరవై రెండు. “హజ్రత్, నలభై అయితే జకాత్ కింద ఒకటి ఇయ్యాలంట గదా! ఇంకా పద్దెనిమిది రావాల” అన్నది ఉత్సాహంగా. ఉమ్మడి మందలో ఎవరి వాటాకు వారే నలభై లెక్క చూసుకోవాలని నేను చెప్పాలనుకున్నాను. అలా చూస్తే ఆ రోజు ఇంకా దూరం. కానీ ఇవ్వబోయేదాని కోసం అంత ఆశగా లెక్కపెట్టే బిడ్డకు ఆ పాఠం మరుసటి రాకలో చెప్పవచ్చుననిపించింది. మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆమె గవిని మూసి గడియ పెట్టి, పెట్టానో లేదో అని మళ్ళీ ఒకసారి లాగి చూసుకున్నది.